తనిఖీకి వెళ్ళిన ఇంట్లో కాఫీ

తప్పులు పట్టడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని మా ఆయన అంటారు. పెళ్ళి భోజనానికి వెళితే ముందు వడ్డించేవాళ్ళ గోళ్ళు చూస్తాను, ఆ తరవాతే విస్తరి ముందు కూర్చుంటాను. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు నర్సుగా, చివర్లో హెడ్ నర్సుగా చేశాను. నేను వస్తున్నానంటే వార్డులో దుప్పట్లు వాటంతటవే సర్దుకునేవని ఆయాలు చెప్పుకునేవారట. రిటైరయ్యాక ఈ విద్యనంతా ఇంట్లో ఉన్న ఒక్క మనిషి మీదే ప్రయోగిస్తుంటే, పాపం ఆయనే నలుగురినీ అడిగి నాకో పని చూసిపెట్టారు.

పని ఏంటంటే, ఒక ట్రస్టు వాళ్ళు నడిపే ఇళ్ళను ఆరు నెలలకోసారి తనిఖీ చేయడం. ఇవి హాస్టళ్ళు కావు, ఆశ్రమాలూ కావు. మామూలు వీధిలో మామూలు అద్దె ఇళ్ళు. బుద్ధి ఎదుగుదల కాస్త మందగించిన పెద్దవాళ్ళు ముగ్గురో నలుగురో కలిసి ఒక ఇంట్లో కాపురం ఉంటారు. వాళ్ళకు తోడుగా ఒక మనిషి ఉంటుంది. మందులు గుర్తుచేయడం, బజారుకు వెంట వెళ్ళడం లాంటివి ఆ తోడు చూసుకుంటుంది. మిగతాదంతా ఎవరి పని వాళ్ళు, చేతనైనంత చేసుకుంటారు. అది సవ్యంగా జరుగుతోందా, ఇల్లు భద్రంగా ఉందా అని చూసి రాయడం నా వంతు.

దానికి పద్నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. ఫ్రిజ్‌లో చల్లదనం ఎంత, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, మందుల డబ్బా మీద పేర్లున్నాయా, ఇలా అన్నీ అందులో ఉంటాయి. ఫారంతోపాటు ఒక నియమం కూడా పెట్టారు. తనిఖీకి వెళ్ళిన ఇంట్లో ఏమీ తినకూడదు, తాగకూడదు. నాలాంటి దానికి ఇది ఎంత కష్టమో చెప్పలేను. తినడం ఇష్టం, మొహమాటం అంతకన్నా ఎక్కువ. ఒకసారి తునిలో మా ఆయన వైపు చుట్టాలింటికి వెళ్ళాం. ముంబైలో పెరిగిన కొత్తకోడలు ప్లేటు నిండా కాజాలు తెచ్చింది. నేను మర్యాదకు "వద్దమ్మా" అన్నాను. ఆ పిల్ల "సరే ఆంటీ" అని ప్లేటు నిజంగానే లోపలికి తీసుకుపోయింది. తిరుగు రైల్లో సామర్లకోట దాటేదాకా మా ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఇప్పటికీ ఇంట్లో కాజాలు కనిపిస్తే నన్ను చూసి "వద్దమ్మా" అంటారు.

కొవ్వూరు ఇంటికి మొదటిసారి వెళ్ళింది దసరా వెళ్ళిన వారానికి. బ్రిడ్జి దాటి, గోదావరి గట్టుకు రెండు వీధుల ఇవతల ఆటో దిగాను. వాకిలి కడిగి, ముగ్గు పెట్టి, గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల మంచాల మీద దుప్పట్లు ఎంత కొత్తవంటే మడతల గీతలు కూడా పోలేదు. బాత్రూములో బకెట్టుకు ధర కాగితం అలాగే అంటుకుని ఉంది. నాకు లోలోపల నవ్వొచ్చింది కానీ ముఖం హెడ్ నర్సు ముఖంలాగే ఉంచాను.

ఆ ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు ఉంటారు. అందరిలో పెద్దావిడకు నలభై దాటాయి. ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ అందరూ ఆమెను పెద్దమ్మాయి అంటారు. నేనూ అలాగే అంటాను. తల్లి ఉన్నన్నాళ్ళూ తల్లితోనే ఉండి, ఆ తరవాత ఈ ఇంటికి వచ్చింది. తోడుగా ఉండే ఆవిడను అందరూ పిన్ని అంటారు. పిన్ని గతంలో ఒక హాస్టల్లో వంట చేసేది. మెత్తని మనిషి. బజారుకూ, ఆదివారం ఉదయం చర్చికీ తప్ప ఇల్లు కదలదు.

వంటింట్లోకి వెళ్ళి మంటలార్పే ఎర్ర సిలిండరు చూద్దును కదా, నిండా పసుపు, మూడు కుంకుమ బొట్లు, మెడలో వాడిపోయిన బంతిపూల దండ. గడువు తేదీ ఎక్కడో ఆ పసుపు కింద ఉంది. స్టవ్వుకూ మిక్సీకీ కూడా అదే అలంకారం.

"ఇదేంటండి?" అన్నాను.

"ఆయుధ పూజండి. పెద్దమ్మాయి చేసుకున్నారండి. నేను చర్చికెళ్ళేదాన్ని, నాకు ఇవన్నీ తెలీవు. సరదాపడ్డారు కదాని ఊరుకున్నానండి," అంది పిన్ని చేతులు కట్టుకుని.

నేను కర్చీఫు తడిపి పసుపు తుడిచి తేదీ చూశాను. గడువింకా ఉంది. ఫారంలో మాత్రం "పూజకు అనర్హం, తేదీ కనబడాలి" అని రాశాను. అలా రాసినందుకు నాకు నేనే ముచ్చటపడ్డాను.

హాల్లోకి వచ్చి కూర్చునేసరికి పెద్దమ్మాయి ట్రేలో కాఫీ తెచ్చింది. జరీ అంచు చీర, తలలో కనకాంబరాలు. నేను వస్తున్నానని ముస్తాబైంది. "రూల్స్ ఒప్పుకోవమ్మా, వద్దు," అన్నాను. లోపలికి వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, ఇంకాసేపటికి మళ్ళీ వచ్చింది. నేను ఫారంలోంచి తలెత్తకుండా అరచెయ్యి చూపించాను. అప్పుడే ఆమె మణికట్టు మీద ఎర్రగా కాలిన మచ్చ, దాని మీద తెల్లగా టూత్‌పేస్టు కనిపించాయి. కాలిన చోట ఎవరైనా టూత్‌పేస్టు పూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పిన్నిని కేకలేసి, ఆ చెయ్యి కుళాయి కింద పెట్టించాను.

"ఎలా కాలింది?" అంటే పెద్దమ్మాయి నేల చూస్తూ "పాలండి" అంది. అంతకంటే నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఫారంలో పదకొండో పేజీ ఇష్టాయిష్టాల గురించి. ఇంట్లో ఉండేవాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పిన మాటే రాయాలి. మంచి పద్ధతే. నలుగురినీ కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, పెన్ను పట్టుకుని ముందు పెద్దమ్మాయిని అడిగాను.

"మీకు వంట చేసుకోవాలని ఉందా అండి?"

పెద్దమ్మాయి పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ సిగ్గుపడింది. "అబ్బే, వద్దండి," అంది.

వద్దు అన్న గడిలో టిక్కు పెట్టి పేజీ తిప్పాను. కాలిన చెయ్యి కూడా చూశాను కాబట్టి, చివర సూచనల్లో "ఈమెకు వంట మీద ఆసక్తి లేదు. స్టవ్వు తోడు మనిషి అధీనంలో ఉండాలి" అని రాశాను. పేషెంటు కేస్ షీటు రాసినట్టు రెండు ముక్కల్లో తేల్చేశాను. సాయంత్రం బ్రిడ్జి మీద ఆటోలో వస్తుంటే, ఒక పని పద్ధతిగా చేశానన్న తృప్తితో గోదావరి గాలి ఎంతో హాయిగా అనిపించింది.

రెండోసారి వెళ్ళింది మామిడికాయలొచ్చే రోజుల్లో. ఇది చెప్పకుండా వెళ్ళాల్సిన తనిఖీ. కొవ్వూరులో చెప్పకుండా వెళ్ళడం ఎలా ఉంటుందంటే, నేను ఆటో దిగేసరికి వీధి మొదట్లో కిరాణా కొట్టాయన "ఇన్‌స్పెక్షనుకాండి? ఉన్నారండి, అందరూ ఇంట్లోనే ఉన్నారండి," అన్నాడు. నేను గుమ్మం చేరేలోగా వీధంతటికీ తెలిసిపోయింది.

ఇల్లు మాత్రం ఈసారి ముస్తాబులేవీ లేకుండా శుభ్రంగా ఉంది. ఎర్ర సిలిండరు బొట్టు లేకుండా మెరుస్తోంది. వంటింటికి కొత్తగా ఇనుప గ్రిల్ తలుపు, దానికో తాళం. తాళంచెవి పిన్ని బొడ్లో ఉంది.

"మీరు రాసినట్టే చేశామండి," అంది పిన్ని. "ట్రస్టువాళ్ళు మర్నాడే మనిషిని పంపి తలుపు బిగించారండి."

నేను టిక్కు మీద టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఇంత చక్కగా మాట విన్న ఇల్లు ఇంకోటి లేదనుకున్నాను. అప్పుడు చూశాను, గ్రిల్ తలుపు ఎదురుగా ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద పెద్దమ్మాయి. పాత నైటీ, తలలో పువ్వుల్లేవు. కమ్మీల మధ్యనుంచి లోపల ఉడుకుతున్న పప్పుకేసి చూస్తూ కూర్చుంది.

"పిన్నీ, ఉప్పు వెయ్యలేదండి," అంది అక్కడినుంచే.

పిన్ని నాలిక్కరుచుకుని లోపలికి పరిగెత్తింది. వెనక్కి వచ్చాక నాతో గొంతు తగ్గించి అంది. "రోజంతా అక్కడే కూర్చుంటారండి. ఇదివరకు పొద్దున్నే నలుగురికీ కాఫీ ఆవిడే పెట్టేవారండి. ఆదివారం నేను చర్చినుంచి వచ్చేసరికి పప్పుచారు కాచి ఉంచేవారు. ఇప్పుడు గుమ్మం కూడా దిగట్లేదు. సరిగ్గా తినట్లేదు."

"అదేంటండి, ఆవిడే కదా వద్దన్నారు? నేను అడిగితేనే చెప్పారు," అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే అయింది.

"ఆయ్, మీరు రాశారు కదాండి. చదువుకున్నవాళ్ళు, ఊరికే రాయరు కదా అనుకున్నానండి," అంది పిన్ని.

నాకు ఎక్కడో గుచ్చుకుంది. అయినా ఒప్పుకునే రకాన్ని కాదు. పదకొండో పేజీ పాత కాపీ తీసి చూశాను. వద్దు అన్న గడిలో టిక్కు, నా చేత్తో పెట్టిందే, స్పష్టంగా ఉంది. మనిషి మాటే రాశాను, ఇందులో నా తప్పేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈలోగా పెద్దమ్మాయి స్టూలు మీంచి లేచింది. పిన్ని చేత కాఫీ పెట్టించి, కమ్మీల సందులోంచి గ్లాసు అందుకుని, ట్రేలో పెట్టుకుని వచ్చింది. కాఫీ పెట్టే పని పోయినా, వచ్చినవాళ్ళకు ఇచ్చే పని మాత్రం వదల్లేదు.

"కాఫీ తీసుకోండి."

"వద్దమ్మా. రూల్స్ ఒప్పుకోవని పోయినసారే చెప్పాను కదా."

తలూపి వెళ్ళింది. అయిదు నిమిషాలకు మళ్ళీ వచ్చింది. "కొంచెం తీసుకోండి."

"వద్దండి."

మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. "ఒక్క గుక్కండి. చల్లారిపోతోందండి."

నాకు చిరాకేసింది. అప్పటికే మనసు బాగాలేదు. "ఒకసారి వద్దంటే వద్దనే కదా! ఎన్నిసార్లు అడుగుతారమ్మా?" అన్నాను.

పెద్దమ్మాయి బెదరలేదు. పిచ్చి ప్రశ్న అడిగిన మనిషిని చూసినట్టు నన్ను చూసింది.

"మూడుసార్లండి," అంది. "మూడుసార్లు అడగాలండి. మా అమ్మ చెప్పింది. ఒకసారి అడిగితే ఎవరూ తాగరండి, మర్యాద కాదు." ట్రే వైపు చూస్తూ అంది. "మీరు నన్ను ఒక్కసారే అడిగారండి."

తునిలో లోపలికి వెళ్ళిపోయిన కాజాల ప్లేటు కళ్ళముందు కనిపించింది. ఎవరింటికి వెళ్ళినా రెండుసార్లు వద్దని, మూడోసారి "మీరింతగా అంటే" అని చెయ్యి చాపే మనిషిని నేను. ఈ గోదావరి జిల్లాల్లో పుట్టి, ఇక్కడే అరవై ఏళ్ళు బతికి, మొదటి వద్దు వద్దు కాదని నాకు తెలీదా? అప్పుడే పుట్టిన పిల్లను అడిగినా చెబుతుంది. పెన్ను చేతిలోకి రాగానే మర్చిపోయాను, అంతే. తల్లి చక్కగా పెంచిన మనిషి మర్యాదగా వద్దంటే, ఆ ముక్క పట్టుకుని ఆమె వంటింటికి తాళం వేయించాను. ముంబైలో పెరిగిన పిల్లను తలుచుకుని ఇన్నేళ్ళుగా నవ్వుకున్నదాన్ని, నేను చేసిందీ అదే. సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఫారం పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

తరవాత ఫారం బ్యాగులో పెట్టేశాను. కళ్ళజోడు తీశాను. ఇంకో స్టూలు తెచ్చుకుని గ్రిల్ ఎదురుగా పెద్దమ్మాయి పక్కన కూర్చున్నాను.

"వంట చేసుకోవాలని ఉందా అండి మీకు?" అని అడిగాను.

"అబ్బే, వద్దండి," అంది.

పిన్ని నోరు తెరవబోతే చెయ్యి చూపించి ఆపాను. కాసేపు అటూ ఇటూ మాటలు మాట్లాడాను. ఎండలు, ఆవకాయ, ఈ ఏడు కాయ ఎలా ఉందో అడిగాను. "ముక్క గట్టిగా ఉందండి," అంది, ముక్కను తాకే వీల్లేకపోయినా. మళ్ళీ అడిగాను.

"పర్లేదండి. పిన్ని చేస్తున్నారు కదా," అంది. కానీ ఈసారి కళ్ళు తాళం మీద ఉన్నాయి.

మూడోసారి అడిగేముందు నాకు భయమేసింది, నిజం చెబుతున్నాను. నిజంగానే వద్దంటే? "మరోసారి ఆలోచించి చెప్పండి. మీకు చేసుకోవాలని ఉందా?"

పెద్దమ్మాయి నైటీ మీద లేని కొంగు సర్దుకున్నట్టు భుజం సర్దుకుంది. "మీరింతగా అడుగుతుంటే కాదంటే బాగోదండి," అని లేచి నిలబడి పిన్ని ముందు చెయ్యి చాపింది.

పిన్ని తాళంచెవి తీయడంలో ఎంత తొందరపడిందంటే అది కింద పడి బీరువా కిందకు జారింది. ముగ్గురం కలిసి చీపురుతో లాగాం.

వంటింట్లో ఒక మూల నిలబడి నేను చూశాను, ఈసారి తనిఖీ కళ్ళతోనే. పెద్దమ్మాయి ముందు జుట్టు ముడేసుకుంది. కిటికీ తీసింది. వంగి గ్యాసు వాసన చూసింది. లైటరు చేతిలోకి తీసుకున్నాకే నాబ్ తిప్పింది. గిన్నె కాడ గోడవైపు తిప్పి పెట్టింది. పాలు పొంగేదాకా అక్కడినుంచి కదల్లేదు, నేను ఏదో అడిగినా "ఉండండి, పాలండి" అని నా వైపు చూడలేదు. మా ఇంట్లో వారానికోసారి పాలు పొంగించేది నేనే. ఆ మాట అక్కడ చెప్పలేదు.

"మరి పోయినసారి చెయ్యి ఎలా కాలిందండి?" అని అడిగాను.

"మీకు కాఫీ పెడుతుంటే కాలిందండి," అంది గ్లాసులో వంచుతూ. "మీరొచ్చేశారని కంగారులో పట్టకారు లేకుండా దించానండి. మీరు తాగలేదండి."

ఆ గ్లాసు అందుకుని తాగాను. పంచదార చాలా ఎక్కువ వేసింది. మొత్తం తాగాను.

అక్కడినుంచే ట్రస్టు ఆఫీసు మేనేజరుకు ఫోన్ చేశాను. గ్రిల్ తలుపు తీసేయాలని, స్టవ్వు వెలిగించినప్పుడు పిన్ని దగ్గర్లో ఉంటే చాలని చెప్పాను.

"కానీ మేడం, పోయిన రిపోర్టులో ఆవిడే వద్దన్నారని మీరు రాశారు కదండీ?" అన్నాడాయన.

"ఒక్కసారే అడిగానండి," అన్నాను.

ఆయనది అమలాపురం వైపు. "అయ్యయ్యో, ఒక్కసారేనాండి?" అన్నాడు. ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. రిపోర్టులో మాత్రం అంతా రాశాను. తప్పు నాది అని రాశాను. తనిఖీకి వెళ్ళిన మనిషి నియమం తప్పి ఒక గ్లాసు కాఫీ తాగిందని కూడా రాశాను. సంజాయిషీ అడుగుతారనుకున్నాను కానీ ఎవరూ అడగలేదు. ఆ రోజునుంచి పదకొండో పేజీలో ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిలుతో మూడు చుక్కలు పెట్టుకుని వెళుతున్నాను. అడిగినప్పుడల్లా ఒక చుక్క కొట్టేస్తాను. మూడూ అయ్యేదాకా పెన్ను తియ్యను.

మూడోసారి కొవ్వూరు వెళ్ళింది మళ్ళీ దసరా దాటాక, తుఫాను వానల్లో. గొడుగు మడిచి చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వచ్చింది. గ్రిల్ తలుపు లేదు, మేకులు పీకిన చోట సున్నం రాసిన మచ్చలున్నాయి. పిన్ని హాల్లో కూర్చుని తీరిగ్గా చిక్కుళ్ళు ఒలుస్తోంది. పెద్దమ్మాయి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తలలో చామంతి. ఎర్ర సిలిండరుకు మళ్ళీ బొట్టు పెట్టింది, కాకపోతే తేదీ కనబడేలా పక్కకు పెట్టింది.

"కాఫీ తాగుతారాండి?"

ఈసారి ఆమెను ఇబ్బంది పెట్టదలచుకోలేదు. పైగా ట్రస్టువాళ్ళు ఆ ఒక్క ఇంట్లో నాకు కాఫీ వరకు మినహాయింపు ఇచ్చారు. "తప్పకుండా తాగుతానండి," అన్నాను.

పెద్దమ్మాయి నిర్ఘాంతపోయింది. పిన్ని వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది.

"అదేంటండి, ఒక్కసారికే ఒప్పేసుకున్నారు!" అంది.

"పొరపాటైపోయిందండి. మళ్ళీ అడగండి," అన్నాను.

అడిగింది. వద్దన్నాను. ఇంకోసారి అడిగింది, పర్లేదన్నాను. మూడోసారి అడిగినప్పుడు, మీరింతగా అడుగుతుంటే కాదంటే బాగోదన్నాను. అప్పుడు తృప్తిగా తలూపి, తన వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు వెలిగించింది.